‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనిపించుకోకు, అమ్మాయీ

చి. సౌ. అమ్మాయికి, బాబాయి ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఎమ్మెల్యేగా గెలిచావని ఫలితం వచ్చిన రాత్రి నీకు ఫోను చేయలేదు. ఆ రాత్రి నీ చుట్టూ ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. దండలు వాడిపోయి, శాలువాలు బీరువాలోకి చేరాక తీరిగ్గా చదువుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్న ఉండి ఉంటే నాకంటే ముందు ఆయనే రాసేవాడు. ఆ చనువుతోనే నిన్ను ‘నువ్వు’ అంటున్నాను. సభలో మాత్రం నువ్వు గౌరవ సభ్యురాలివి. నేను మళ్లీ ఎప్పుడైనా అక్కడికి వస్తే లేచి నమస్కారం పెడతాను, కాదనకు.

నా ఉద్యోగం నీకు తెలుసు. 1978లో శాసనసభ సచివాలయంలో రిపోర్టరుగా చేరి 2013లో విరమణ చేశాను. సభాపతి పీఠం కింద బల్ల దగ్గర కూర్చుని, కొన్ని నిమిషాలకొకరం మారుతూ, సభ్యులు పలికిన ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే పని. ముప్పై అయిదేళ్లలో ఎందరో కొత్త సభ్యుల తొలి ప్రసంగం రాశాను. ఎవరు ఎదిగారో, ఎవరు అయిదేళ్లూ బల్లలు చరచడంతోనే గడిపేశారో ఆ బల్ల దగ్గర నుంచి బాగా కనిపించేది. మాట చాతుర్యం ఉన్నవాళ్లంతా ఎదగలేదు. చదువుకుని వచ్చి, సరిగ్గా అడగడం నేర్చుకున్నవాళ్లు ఎదిగారు. నీకు చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు రెండు చిన్న పనులు పూర్తిచేసుకో. ఎన్నికల ఖర్చుల లెక్కను ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి అందజేయాలి. నీ ఏజెంటు చూసుకుంటాడులే అని వదిలేయకు, రసీదు నీ చేతికి వచ్చేదాకా వెంటపడు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వనివారిని మూడేళ్ల పాటు అనర్హులుగా ప్రకటించే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. రెండోది ప్రమాణం. ప్రొటెం స్పీకర్, అంటే తాత్కాలిక సభాపతి, పిలిచినప్పుడు దైవసాక్షిగానో, ఆత్మసాక్షిగానో రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉన్న పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు చదువు. నాయకుల పేర్లు, నినాదాలు అందులో కలపకు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటు వేసినా రోజుకు 500 రూపాయల జరిమానా అని 193వ అధికరణంలో రాసి ఉంది. డబ్బు చిన్నదే. ఆ నాలుగు మాటలకు రాజ్యాంగం ఎంత విలువ ఇచ్చిందో చూడు.

ఇక అసలు సంగతి.

రేపటి నుంచి తెల్లవారేసరికి నీ వాకిట్లో జనం ఉంటారు. బదిలీకి సిఫారసు లేఖ కావాలనేవారు, ఆగిపోయిన పింఛను గురించి వచ్చేవారు, ఆసుపత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం కాగితాలు పట్టుకొచ్చేవారు. వాళ్లను విసుక్కోకు, వాళ్ల ఓట్లతోనే గెలిచావు. కానీ వినతిపత్రాలను ఎప్పటికప్పుడు అధికారులకు పంపించి చేతులు దులుపుకునే అలవాటు చేసుకోకు. ఒక రిజిస్టరు పెట్టు. తేదీ, ఊరు, విషయం, అంతే. నెలకోసారి ఆ రిజిస్టరు ముందు వేసుకుని కూర్చో. ఒకే మండలం నుంచి నలభై మంది పాసు పుస్తకాల్లో తప్పుల గురించి వచ్చారనుకో, అవి నలభై సమస్యలు కావు, ఒక్కటే. దాన్ని ఒక్కొక్కరికీ ఒక్కో సిఫారసు లేఖతో తీర్చలేవు, సభలో అడిగి తీర్చాలి. నీ ప్రశ్నలు ఆ రిజిస్టరులోంచే పుట్టాలి. పత్రికల్లో ఉదయం చూసిన శీర్షిక పట్టుకుని సభకు వచ్చే సభ్యులు చాలామంది ఉంటారు. నీ దగ్గర ఉన్న సరుకు వాళ్ల దగ్గర ఉండదు.

ప్రశ్న రాయడం ఒక విద్య. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వకమైన జవాబు వస్తుంది. మన సభలో ప్రశ్నకు ఒక పాత అచ్చు ఉంది: (అ) ఫలానా మాట వాస్తవమేనా, (ఆ) అయినచో ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి, (ఇ) లేనిచో కారణాలేమిటి. కొత్తవారు ఈ అచ్చులోనే దెబ్బతింటారు.

నేను చేరిన తొలి ఏళ్లలో ఒక సభ్యుడు తన ప్రాంతంలో వాగు మీద వంతెన గురించి అడిగాడు. వంతెన కూలిపోయి మూడు ఊళ్లకు రాకపోకలు తెగిపోయిన మాట వాస్తవమేనా, అయినచో ఎప్పుడు కడతారు, జాప్యానికి కారణమేమిటి. జవాబు వచ్చింది: ‘(అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.’ ఆయన మొహం ఎర్రబడింది. ఎందుకంటే ఆ ఊళ్ల పిల్లలు నిజంగానే మొలలోతు నీళ్లలో దిగి బడికి వెళుతున్నారు. కానీ శాఖ అబద్ధం చెప్పలేదు. వంతెన కూలలేదు, రెండు స్తంభాలు కుంగాయి, బస్సులు ఆపేశారు. ‘కూలిపోయింది’ అన్న ఒక్క మాట పట్టుకుని మొత్తం ప్రశ్నను కొట్టిపారేశారు. ఆయన గట్టిగా అరిచాడు, మంత్రి ‘పరిశీలిస్తాం’ అన్నాడు, సభాపతి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా కాగితం మీద ఆ అరుపంతా రెండు పంక్తులు.

అదే సభ్యుడు తర్వాతి సమావేశాల్లో ప్రశ్నను తిరగరాశాడు. ఆ వంతెన మీద బస్సులు ఏ తేదీ నుంచి ఆపేశారు? మరమ్మతు అంచనా ఏ తేదీన తయారైంది, ఎంత మొత్తానికి? ఆ దస్త్రం ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది? ఇందులో ‘లేదండీ’ అనడానికి చోటెక్కడ? తేదీలు రాయాలి, మొత్తం రాయాలి. రాస్తే, అంచనా తయారై పదకొండు నెలలుగా ఒకే బల్ల మీద ఉందని బయటపడింది. ఆ వేసవిలో పని మొదలైంది. ఆ రెండు ప్రశ్నల ప్రతులు నా దగ్గర చాలాకాలం ఉండేవి. కొత్తగా చేరే రిపోర్టర్లకు కూడా చూపించేవాణ్ణి.

కాబట్టి ‘వాస్తవమేనా’ అని మొదలుపెట్టాల్సి వస్తే, ఎవరూ కాదనలేని మాటతో మొదలుపెట్టు. విశేషణాలు తీసెయ్యి. ‘తీవ్రమైన’, ‘ఘోరమైన’ అని రాస్తే, తీవ్రంగా లేదండీ అని జవాబొస్తుంది. ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని అడుగు. జవాబు తెలియకుండా నక్షత్ర గుర్తు ప్రశ్న వేయకు. ముందే ఆ ఊరు వెళ్లి చూసి ఉండాలి. అప్పుడే మంత్రి చదివిన జవాబుకూ నువ్వు చూసినదానికీ మధ్య ఉన్న తేడా నీ అనుబంధ ప్రశ్న అవుతుంది. అనుబంధ ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. ఉపోద్ఘాతం మొదలుపెట్టావంటే ‘ప్రశ్న అడగండి’ అంటూ సభాపతి గంట కొడతారు.

‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబుకు భయపడకు. ఎప్పటి నుంచి పరిశీలనలో ఉంది, ఎప్పటిలోగా తేలుస్తారు అని అడుగు. మంత్రి నోటివెంట గడువు వచ్చిందంటే అది హామీ. సభలో ఇచ్చిన హామీలు నెరవేరాయో లేదో చూడడానికి ప్రత్యేకంగా హామీల కమిటీ ఉంది. ఆ రోజు సభా కార్యకలాపాల రికార్డులో ఆ పేజీని గుర్తుపెట్టుకుని ఆరు నెలల తర్వాత ఆ కమిటీకి రాయి. ఈ పని చేసే సభ్యులు చాలా తక్కువ.

నువ్వు అధికార పక్షంలో ఉన్నావు. ‘మన ప్రభుత్వాన్ని మనమే ఇరుకున పెడతామా?’ అని మొదటి వారంలోనే ఎవరో ఒకరు నీ చెవిలో వేస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. మంత్రివర్గంలో లేని ప్రతి సభ్యుడూ ప్రభుత్వాన్ని లెక్క అడగవలసినవాడే, ఏ వరుసలో కూర్చున్నా సరే. కావాలంటే మంత్రికి ముందుగా ఒక మాట చెప్పు, అది మర్యాద. ప్రశ్న మాత్రం మానకు.

ఓటు సంగతి వేరు, అక్కడ జాగ్రత్త. ఇలా ఓటు వేయాలని పార్టీ విప్ (ఆదేశం) జారీ చేశాక దానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు రాకపోయినా రాజ్యాంగం పదో షెడ్యూలు కింద సభ్యత్వం పోవచ్చు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం అది. పార్టీ ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి, లేదా పదిహేను రోజుల్లోగా క్షమించాలి. కానీ ఆ షెడ్యూలు నిన్ను ప్రశ్న అడగవద్దని చెప్పలేదు. లోపాలు చూపిస్తూ మాట్లాడినంత మాత్రాన సభ్యత్వం పోదు. సభలో పలికిన మాటకూ వేసిన ఓటుకూ న్యాయస్థానంలో కేసు ఉండదని 194వ అధికరణం రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ లంచానికి వర్తించదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణ గురించి సభలో చర్చించకూడదన్న 211వ అధికరణం కూడా గుర్తుంచుకో. ఆవేశంలో కొత్తవారు ఆ గీత దాటుతుంటారు.

కోరం గంట మోగినప్పుడు క్యాంటీన్లో ఉండకు. మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉంటే చాలు సభ నడుస్తుంది. 175 మందిలో 18 మంది. ఆ పదో వంతు కోసం గంట మోగించాల్సిన రోజులు చూసి బాధపడినవాణ్ణి. ఒక్క ఓటు విలువ ఎంతో చూడు, మొట్టమొదటి ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో కర్నూలు సభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నేను చేరిన కొత్తలో పెద్దవాళ్లు ఆ సంగతి మొన్న జరిగినట్టు చెప్పుకునేవారు.

బడ్జెట్ పుస్తకాలు ఇచ్చిన రోజు చాలామంది వాటిని సంచీతో సహా కారులో పడేస్తారు. నువ్వు అన్నీ చదవనక్కరలేదు. రెండు శాఖలు ఎంచుకో, అయిదేళ్లూ అవే చదువు. నీకు బోధన వృత్తి తెలుసు కాబట్టి ఒకటి విద్య, మన నియోజకవర్గానికి ప్రాణం చెరువులు కాబట్టి రెండోది నీటిపారుదల. ఒక్కో పద్దు కింద నిలువు వరుసలు చూడు. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయినది, నిరుడు కేటాయించినది, నిరుడు సవరించినది, ఈ ఏడు అడుగుతున్నది. కేటాయింపు ఎంత పెద్దదో చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. నువ్వు ఖర్చయిన వరుస చూడు. రెండింటికీ మధ్య అగాధం కనిపించిన చోట వేలు పెట్టి నిలబడు, పద్దు మీద చర్చలో నీకిచ్చే నాలుగు నిమిషాలకు అది చాలు. సమయం అయిపోతే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఆమోదం పొందుతాయి, దాన్నే గిలెటిన్ అంటారు. అందుకే నీ శాఖల పద్దులు ఏ రోజున వస్తున్నాయో ముందే కనుక్కో. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు సభ ముందు పెట్టిన రోజున లైబ్రరీకి వెళ్లి నీ రెండు శాఖల అధ్యాయాలు చదువుకో. అక్కడ దొరికే ప్రశ్నలు ఇంకెక్కడా దొరకవు.

కమిటీలో వేస్తే చిన్నతనం అనుకోకు. అక్కడ కెమెరాలు ఉండవు కాబట్టి ఎవరూ ఎవరి కోసమూ అరవరు. అధికారులు నీ ఎదురుగా కూర్చుని జవాబు చెబుతారు. వేరే పార్టీ సభ్యులతో కలిసి పనిచేసే చోటు అదొక్కటే.

తెలుగులో మాట్లాడు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులుగా పనిచేశారు. ప్రజలకు అర్థమయ్యే మాటలో పాలన నడవాలన్న పట్టుదల ఆయనది. తొలి ప్రసంగం గవర్నర్ ప్రసంగానికి ధన్యవాదాలు చెప్పే తీర్మానం మీద వస్తుంది. ఒకే విషయం ఎంచుకో. కాగితం చూసి చదవకు, చీటీ మీద అయిదు మాటలు రాసుకో. గంట మోగకముందే కూర్చో. ఎదుటివారిని తిట్టినందుకు రికార్డుల నుంచి తొలగించమన్న మాటలు నేను చాలా కొట్టేశాను. అలా కొట్టేసినవాటిలో రాష్ట్రానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

ఇంకొకటి, ఇది ఇంటి మనిషిగా. అధికారులు ఫోను చేస్తే నువ్వే మాట్లాడాలి. ‘సార్‌తో మాట్లాడాం మేడమ్’ అని అల్లుడుగారి గురించో, మీ అన్నయ్య గురించో ఎవరైనా అంటే మొదటిసారే ఆపెయ్యి. వాళ్లిద్దరూ మంచివాళ్లు, వాళ్లకూ ఈ మాట నేనే చెబుతాను. సంతకం నీది, బాధ్యత నీది.

నేను పనిచేసింది హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న తెల్ల భవనంలో. వెలగపూడి సభను టీవీలోనే చూశాను. అక్కడ లైబ్రరీ ఏ అంతస్తులో ఉందో తెలుసుకుని నాకు చెప్పు. మన పెద్ద చెరువు తూము సంగతి మీద మొదటి ప్రశ్న చిత్తుప్రతి రాసి ఆదివారంలోగా పంపించు. ఎర్ర సిరా కలం తీసి పెట్టుకున్నాను. పిన్ని నిన్ను మరీ మరీ అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ బాబాయి