పరీక్షకు ముందు మరొక్కసారి చూసుకోవలసినవి

చిరంజీవి బిడ్డకు, హనుమకొండ నుండి నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే వారం హైదరాబాదులో నీకు, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ఉన్నదని మీ అమ్మ చెప్పింది. నాలుగేండ్ల బీఎస్సీ నర్సింగు పుస్తకాలన్నింటినీ ఈ వారంలో తిరగేయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. కొన్ని అంకెలు, కొన్ని విరుగుడు మందులు, కొన్ని జాగ్రత్తలు చూసుకుంటే చాలు. అయితే వాటిని పట్టికలాగా కంఠస్థం చేయకుండా, ప్రతి అంకె పక్కన "ఇది తప్పితే రోగికి ఏమవుతుంది, నేను మొదట ఏం చేయాలి" అనే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకొని చదువు. పొటాషియం ఎంత ఉండాలని ఆ పరీక్షలో ఎవరూ నేరుగా అడగరు. నలుగురు రోగుల రిపోర్టులు ముందు పెట్టి, ఎవరి మంచం దగ్గరికి ముందు పోతావని అడుగుతారు.

పొటాషియంతోనే మొదలుపెట్టు. లీటరుకు 3.5 నుండి 5.0 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి. తగ్గినా పెరిగినా దెబ్బ తగిలేది గుండె లయకే. పెరిగితే ఈసీజీలో టీ వేవ్ మొనదేలి నిలబడుతుంది. తగ్గితే చదునై, దాని వెనుక యూ వేవ్ కనిపిస్తుంది. రిపోర్టులో 6.5 కనిపించిందంటే రోగిని చూసి, మానిటరుకు కలిపి, నడుస్తున్న సెలైన్‌లో పొటాషియం ఉంటే దాన్ని ఆపి, వెంటనే డాక్టరుకు తెలియజేయాలి. కాల్షియం గ్లూకోనేట్ గుండెను కాపాడుతుంది, డెక్స్‌ట్రోజ్‌తో కలిపి ఇచ్చే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి పంపుతుంది. పొటాషియం క్లోరైడును మాత్రం ఏ పరిస్థితిలోనూ నేరుగా సిరలోకి తోయరాదు. పలుచగా కలిపి, పంపు మీద, మూత్రం సరిగా వస్తున్నదని చూసుకున్న తరువాతే ఎక్కించాలి.

ఇప్పుడు ఇదే అంకెను గుండె మందు డైగాక్సిన్‌తో కలిపి చూడు. గుండె జబ్బుతో డైగాక్సిన్, ఫ్రూసెమైడ్ రెండూ వాడుతున్న ఒక ముసలాయన అన్నం సహించడం లేదని, వాంతికి వచ్చినట్లున్నదని, కళ్లకు అంతా పసుపుపచ్చగా కనిపిస్తున్నదని చెప్పాడనుకో. ఫ్రూసెమైడ్ మూత్రం ద్వారా పొటాషియాన్ని బయటికి పంపింది, అది తగ్గేసరికి డైగాక్సిన్ విషమై కూర్చున్నది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి నిండు నిమిషం గుండె చప్పుడు లెక్కపెట్టు. 60 కంటే తక్కువుంటే ఆ పూట మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. మూడు వేర్వేరు పాఠాలుగా చదివినవి ఒకే మనిషిలో ఇట్లా కలుస్తాయి, ప్రశ్నలు కూడా అట్లాగే వస్తాయి.

సోడియం 135 నుండి 145. ఇది తప్పితే మతి తప్పడం, ఫిట్స్ రావడం గుర్తుపెట్టుకో. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మనిషి పెదవుల చుట్టూ తిమ్మిరి అన్నదంటే కాల్షియం తగ్గిందని అనుమానించు. రక్తం పీహెచ్ 7.35 నుండి 7.45, కార్బన్ డయాక్సైడు 35 నుండి 45, బైకార్బనేట్ 22 నుండి 26. ఇవి నీకు వచ్చినవే, రోజుకు ఒక్కసారి చూసుకో.

విరుగుడు మందులలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కు ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కు విటమిన్ కె, పారాసెటమాల్‌కు అసిటైల్‌సిస్టీన్, మార్ఫిన్‌కు నాలోక్సోన్. నాలోక్సోన్ ప్రభావం మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది కనుక, రోగి లేచి మాట్లాడినా శ్వాస మీద కన్నేసి ఉంచాలి. లేబర్ రూంలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పెట్టిన తల్లి దగ్గర మూడు చూడాలి: మోకాలి రిఫ్లెక్స్ ఉన్నదా, శ్వాస నిమిషానికి 12కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదు కదా. మందు ఎక్కువైనప్పుడు ముందు పోయేది రిఫ్లెక్స్, ఆ తరువాతే శ్వాస ఆగుతుంది. అందుకే మోకాలి మీద సుత్తితో తట్టి చూడటాన్ని చిన్న పనిగా తీసుకోకు. ఏది తప్పినా మందు ఆపు. దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ఆ మంచం పక్కనే ఉండాలి.

పత్తి చేలకు కొట్టే మందు తాగినవాళ్లను మన వరంగల్ ప్రాంతంలో నర్సు పని చేసిన ఎవరూ చూడకుండా ఉండరు. చిన్నగా ముడుచుకున్న కంటిపాపలు, నోటి వెంట నురగ, గురగురలాడే ఛాతీ నీకు కళ్లకు కట్టినట్లుంటాయి. కండరాలు బలహీనపడే మయస్థీనియా గ్రావిస్ రోగికి, ఆ జబ్బుకిచ్చే పిరిడోస్టిగ్మిన్ ఎక్కువైతే వచ్చే ప్రమాదం కూడా ఇదే రూపంలో ఉంటుంది, దానికీ మందు అట్రోపినే. అట్రోపిన్ సరిపోయిందా అన్నది కంటిపాపను మాత్రమే చూసి తేల్చకు, ఛాతీ తేటపడిందా అని విను. గ్లౌజులు వేసుకొని రోగి బట్టలు తీసి ఒళ్లు కడగడం కూడా చికిత్సలో భాగమే.

ఇక మన వార్డు అలవాట్ల గురించి గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఒక్క సిస్టరు ఎన్నో మంచాలు చూసుకుంటుంది, స్నానం, తిండి రోగి వెంట వచ్చినవాళ్లే చూస్తారు, ఏ కొంచెం తేడా వచ్చినా డాక్టరును పిలుస్తాం. పరీక్షలోని ఆసుపత్రి అట్లా ఉండదు. అక్కడ నీకు సహాయకులుంటారు, సామాను ఉంటుంది, సమయం ఉంటుంది. నిలకడగా ఉన్న రోగిని నడిపించడం, తినిపించడం సహాయకురాలికి అప్పగించవచ్చు. రోగి స్థితిని అంచనా వేయడం, ఇంటికి పోయే ముందు జాగ్రత్తలు బోధించడం మాత్రం నర్సే చేయాలి. నీ చేతిలో చేయదగిన పని ఉండగా "డాక్టరుకు తెలియజేయాలి" అన్న జవాబును ఎంచుకోకు. రక్తం ఎక్కిస్తుండగా రోగికి చలి, నడుం నొప్పి మొదలైతే ముందు రక్తం ఆపాలి, కొత్త గొట్టంతో నార్మల్ సెలైన్ పెట్టాలి, ఆ తరువాతే ఫోను.

క్షయ, తట్టు, ఆటలమ్మకు ఎన్95 మాస్కు. ఫ్లూ, కోరింత దగ్గుకు మామూలు సర్జికల్ మాస్కు. సి డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలకు గౌను, గ్లౌజులు, సబ్బు నీళ్లు. స్పిరిట్‌తో చేసిన హ్యాండ్ రబ్ దాని స్పోర్లను చంపదు.

లెక్కల్లో కాలిన గాయాలది ఒకటి చేసి చూసుకో. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే, పార్క్‌ల్యాండ్ సూత్రం ప్రకారం 4ను 60తో, 30తో గుణిస్తే, మొదటి 24 గంటల్లో సిరలోకి ఎక్కించవలసిన ద్రవం 7,200 మిల్లీలీటర్లు. అందులో సగం, అంటే 3,600, మొదటి 8 గంటల్లో పోవాలి. ఆ 8 గంటలను కాలిన క్షణం నుండి లెక్కించాలి. భూపాలపల్లి నుండి ఆసుపత్రికి తెచ్చేసరికి రెండు గంటలు గడిచిపోతే, మిగిలిన ఆరు గంటల్లో గంటకు 600 చొప్పున ఎక్కించాలి.

పరీక్ష 5 గంటలు. ప్రశ్నలు 85కు తగ్గవు, 150కి మించవు. దాటిపోయిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి రాలేవు. సరైనవన్నీ గుర్తించమన్న ప్రశ్నల్లో తప్పు గుర్తింపుకు మార్కు తగ్గుతుంది కనుక, అనుమానమున్న దాన్ని ఊరికే నొక్కకు. కంప్యూటరు 85 దగ్గర ఆగినా, ఇంకా అడుగుతూ పోయినా, దాన్నిబట్టి ఫలితం ఊహించుకోకు.

పాస్‌పోర్టులోని పేరు, పరీక్షకు ఇచ్చిన పేరు అక్షరం అక్షరం ఒకటే ఉన్నదో లేదో ఈ రాత్రే చూడు. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో పూర్తిగా, మరొక కాగితంలో పొడి అక్షరంగా ఉండటం మామూలే. తేడా ఉంటే రేపే పరీక్ష పెట్టేవాళ్లకు రాసి సరిచేయించుకో. పరీక్ష నాడు పొద్దున కాజీపేటలో రైలు ఎక్కే ఆలోచన మానుకొని, ముందు రోజే హైదరాబాదు చేరుకో.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ