గుండె కొవ్వుతోనే నడుస్తుందట కదా, మరి నాన్నకి స్టెంట్ వేసినాక నెయ్యి ఎందుకు తగ్గించమన్నారు?

పలాస నుంచి అడిగిన ఈ ప్రశ్నలో సగం నిజమేనండి. చిక్కంతా ఆ సగంతోనే. ఆరోగ్యంగా ఉన్న గుండె తనకు కావలసిన శక్తిలో 60 నుంచి 70 శాతం కొవ్వు ఆమ్లాల నుంచే తీసుకుంటుంది. మిగతాది గ్లూకోజు, లాక్టేటు, కాసిన్ని కీటోన్లు. కానీ గుండె మండించేది కొవ్వు ఆమ్లాన్ని, రక్తనాళం గోడలో చేరి పూడిక కట్టేది కొలెస్ట్రాల్. కొలెస్ట్రాల్‌ని శక్తిగా మార్చుకునే ఏర్పాటు మన ఒంట్లో లేనే లేదు, దాన్నుంచి ఒక్క కేలరీ కూడా రాదు. మనమేమో రెండింటినీ, మనిషి పొగరుతో సహా, ‘కొవ్వు’ అనే ఒక్క మాటలో కుక్కేశాం.

మధ్యాహ్నం ఒంటిగంటకు పప్పన్నంలో వేసుకున్న నెయ్యి ఎటు పోతుందో చూడండి. అన్నంలోంచి వచ్చిన చక్కెర ముందు కాలేయానికి వెళ్తుంది. నెయ్యి అలా వెళ్లదు. పేగు గోడ దాన్ని కైలోమైక్రాన్లు అనే సన్నటి బొట్లుగా మూటకట్టి శోషరస నాళాల్లోకి, అంటే లింఫ్ గొట్టాల్లోకి, వదులుతుంది. అవి వెన్నెముక పక్కగా పైకెక్కి, మెడ మొదట్లో ఎడమవైపు సిరలో పడతాయి. అక్కణ్ణుంచి కుడి గుండె, ఊపిరితిత్తులు, ఎడమ గుండె. బృహద్ధమని నుంచి మొట్టమొదట చీలే కొమ్మలు గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీలే. అంటే ఈ పంక్తిలో కాలేయం కంటే ముందు విస్తరి గుండెకే. భోజనమైన మూడు నాలుగు గంటలకు ఈ బొట్లు రక్తంలో బాగా పెరుగుతాయి. అప్పుడు రక్తం తీస్తే సీరం మబ్బుగా కనిపించవచ్చు.

గుండె కేశనాళికల గోడ మీదుండే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఆ బొట్లను కోస్తుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లం కణంలోకి దూరి, కార్నిటిన్ అనే మోతగాడి సాయంతో మైటోకాండ్రియాలోకి, అంటే కణంలోని శక్తి పొయ్యిలోకి, చేరుతుంది. అక్కడ రెండేసి కార్బన్ల చొప్పున తెగుతుంది. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లానికి ఏడు కోతలు, ఎనిమిది ముక్కలు, సుమారు 106 ఏటీపీలు (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం). గ్లూకోజు అణువుకి వచ్చేవి 30, 32.

మరి నెయ్యి మానేస్తే గుండె పస్తుంటుందా? ఉండదు. పూట పూటకీ మధ్య ఒంట్లోని కొవ్వు కరిగి, అల్బుమిన్ అనే ప్రోటీను మీదెక్కి గుండెకు చేరుతూనే ఉంటుంది. పది కిలోల కొవ్వంటే 90,000 కేలరీలు. ఇంధనానికి కరువేం లేదు.

ఇదంతా కళ్లకు కట్టే చోటు పెట్ స్కాన్. గుండె కండరంలో వాపు ఉందేమో చూడటానికి గ్లూకోజులాంటి మందు ఎక్కిస్తారు. వాపు కణాలు దాన్ని ఎప్పుడూ లాక్కుంటాయి. మంచి కండరం కూడా లాక్కుంటే బొమ్మంతా వెలిగిపోయి ఏదీ తేలదు. అందుకే ముందురోజు కనీసం రెండు పూటలు 35 గ్రాములకు పైగా కొవ్వు, 3 గ్రాముల లోపు పిండిపదార్థం తిని, ఆపైన రాత్రంతా ఉపవాసం ఉండమంటారు. నూనెలో వేయించిన గుడ్లు, చేపలు సరే. చేప ముక్కలకు బియ్యప్పిండి పట్టించారో, పని చెడింది. మన జిల్లాల్లో ఇంకో గోతి, చోడి (రాగి) అంబలి. ‘ఏటీ తినలేదండి, గ్లాసుడు అంబలే తాగాను’ అంటారు. ఆ గ్లాసుడు చాలు. ఇన్సులిన్ పెరిగి గుండె చక్కెర తలుపులు తెరుస్తుంది, లోపల మలోనైల్ కోఎంజైమ్ ఏ అనే పదార్థం పెరిగి కొవ్వు తలుపు మూస్తుంది. పంచదార కాఫీ, తీపి దగ్గు సిరప్, చూయింగ్ గమ్ కూడా అంతే. షుగరున్నవాళ్లు ఇన్సులిన్ మోతాదు ముందే అడగాలి. ఇక గుండెపోటు తర్వాత కండరం బతికుందా అని చూసే పెట్ స్కాన్‌కి సరిగ్గా ఎదురు పద్ధతి, గ్లూకోజు ఇచ్చి తీస్తారు. రెండింటి పేరూ ఒకటే కాబట్టి ఒకరి కాగితం చూసి మరొకరు తయారవకండి.

ఇప్పుడు నెయ్యి సంగతి. అందులో 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వు. అది ఎక్కువైతే కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని, అంటే కొలెస్ట్రాల్‌ని మోసుకు తిరిగే రేణువుల్ని, లాగడం తగ్గిస్తుంది, నాళం గోడలోకి చేరేది పెరుగుతుంది. స్టెంట్ వేసింది ఒకచోటే, మిగతా నాళాలు పాతవే కదా. పైగా కొవ్వు మండటానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అదే ఆక్సిజన్‌తో గ్లూకోజు పదో వంతు పైచిలుకు ఎక్కువ ఏటీపీ ఇస్తుంది. రక్తం సరిగా అందని గుండెకు ఆ తేడా చిన్నది కాదు. ఆంజైనాకి (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పికి) ఇచ్చే ట్రైమెటాజిడిన్ అనే మందు కొవ్వు కోతను కొంత ఆపి గుండెను గ్లూకోజు వైపు తిప్పుతుంది.

ఉద్దానం కొబ్బరినూనె నేరుగా శక్తయిపోతుందనే మాటా నమ్మకండి. అలా తిన్నగా కాలేయానికి వెళ్లేవి 8, 10 కార్బన్ల ఆమ్లాలు, అవి కొద్దిగానే ఉంటాయి. దాదాపు సగం ఉండే 12 కార్బన్ల లారిక్ ఆమ్లంలో చాలా భాగం నెయ్యి దారే పడుతుంది. వేరుశనగ నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని వేసుకోవడం మరో చోద్యం. గింజల నూనెల్లో అది లెక్కకొచ్చేంత ఎప్పుడుందని?

నువ్వుల నూనో, వేరుశనగదో వాడుకోండి, కానీ కొలవండి. నెయ్యితో కలిపి మనిషికి రోజుకి 25 గ్రాములనుకుంటే నలుగురికి నెలకు మూడు కిలోలు. ఒకటో తారీఖున డబ్బాలో పోసి గీత పెట్టండి. ఇరవయ్యో తారీఖుకే అడుగంటితే నాన్నగారి చెంచాడు నెయ్యి మీద పడేముందు ఆదివారం బజ్జీల మూకుడు వైపు చూడండి.