మా అక్క కొడుక్కి ఆటిజం అన్నారు. ఇలాంటి పిల్లలున్న కుటుంబాలకు మన ఊళ్లలో సహాయం ఎక్కడ దొరుకుతుంది?

నాకైతే రోజూ బండి పెట్టుకునే చోటే దొరికింది. కాకపోతే అక్కడ నాలుగేళ్లు బండి పెట్టాక గానీ దొరకలేదు. ఆ సంగతి చెప్తాను. మీరడిగిన ఆఫీసులూ కాగితాలూ తర్వాత చూద్దాం.

నేను గుంటూరు జిల్లాలో ఒక మండలంలో హైస్కూలు లెక్కల మాష్టారిని. మావాడికి ఇప్పుడు పదమూడేళ్లు. మూడో ఏట ఆటిజం అన్నారు. తర్వాత బుద్ధిమాంద్యం కూడా ఉందని రాశారు. మాటలు రావట్లేదని మా అమ్మ వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించింది. మా మావగారేమో తనకీ ఐదేళ్లకే మాటలొచ్చాయని, ఇప్పుడు ఆగమన్నా ఆగట్లేదని జోకు వేశాడు. మా బాబాయి ఒకాయన "మీది మేనరికం కాదు కదరా, మరెందుకొచ్చింది?" అని అడిగాడు, లెక్క నేనెక్కడో తప్పు చేసినట్టు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే అదే ప్రశ్న.

మొదటి రెండేళ్లూ వారానికి మూడు రోజులు మా ఆవిడ వాణ్ణి చంకనేసుకుని బస్సులో విజయవాడ వెళ్లేది. ఏసీ గది, నేల మీద రంగుల చాపలు, ఆరు నెలల ప్యాకేజీ. మాటలు తెప్పిస్తామన్నారు. పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్లి తలుపేసేవాళ్లు. ఆవిడ బయట కుర్చీలో ముప్పావుగంట కూర్చునేది. లోపల ఏం చేస్తున్నారో, ఇంటి దగ్గర ఏం చేయాలో చెప్పమంటే "అవన్నీ మీకు రావమ్మా" అనేవారు. తల్లిని బయట కూర్చోబెట్టే థెరపీ సెంటర్ ఎంత పెద్దదైనా దండగే అని నా అభిప్రాయం. దీనికి నా దగ్గర రుజువులేమీ లేవు, రెండేళ్ల ఫీజు రసీదులు తప్ప. అయినా మార్చుకోను. స్టెమ్ సెల్ థెరపీ అని లక్షలు అడిగేవాళ్ల జోలికి అసలు పోవద్దు.

ఇక నా ఘనకార్యం. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. మావాడి గురించి ఎవరైనా అడిగితే "బాగున్నాడు, కొంచెం అల్లరి" అనేవాణ్ణి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ కాగితం) చేయిద్దామని మా ఆవిడ అడిగినప్పుడల్లా, పిల్లాడి మీద ముద్ర పడుతుందని వాయిదా వేశాను. స్టాఫ్ రూములో నా మీద పడే ముద్ర గురించే నా బాధంతా అని ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

మా స్కూలు ఆవరణలోనే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు, దాని పక్కనే భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే కేంద్రాలివి. ఐ.ఇ.ఆర్.టి. అని ప్రత్యేక శిక్షణ తీసుకున్న టీచర్లుంటారు, కాంట్రాక్టు మీద. ఫిజియోథెరపీకి వారానికోసారి మనిషి వస్తారు. కదల్లేని పిల్లలకు టీచర్లే ఇంటికెళ్లి చెప్తారు. ఇదంతా నాకు ఎందుకు తెలియలేదంటే ఏం చెప్పను? ఏటా బడి లెక్కలు పంపే యూడైస్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల గడి నింపింది నేనే. ఆ కేంద్రం గోడ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది, రంగు వెలిసి బర్రెలా కనపడుతుంది. ఎండ పడదని నాలుగేళ్లు దాని తొండం కిందే నా బండి పెట్టాను. లోపలికి తొంగిచూడలేదు.

2019 వానాకాలం. ఖాళీ పీరియడ్‌లో బండి కవర్లోంచి పేపర్ల కట్ట తీసుకుందామని వెళ్తే కుండపోత. భవిత వరండాలోకి ఎక్కాను. తలుపు తీసే ఉంది. లోపల పడవలాంటి కొయ్య కుర్చీ, పట్టుకుని నడవడానికి రెండు ఇనప కమ్మీలు, ఒక పెద్ద అద్దం. టీచరు ఒక పాపను కమ్మీల మధ్య నడిపిస్తోంది. ఇంకొకావిడ కారుతున్న చోటు నుంచి చాప పక్కకు లాగుతోంది. పిడుగు పడింది. మూల కూర్చున్న ఎనిమిదేళ్ల కుర్రాడు కెవ్వుమని తన మణికట్టు తనే కొరుక్కోవడం మొదలుపెట్టాడు.

నేను ఆలోచించలేదు. చేతికి సుద్ద అలాగే ఉంది. వెళ్లి ముందు కూర్చుని, వాడి రెండు అరచేతులూ నా అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి, ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టాను. ఇంట్లో మావాడికి చేసేది అదే. ఎనిమిది దగ్గర వాడు ఊపిరి వదిలాడు.

వాళ్లమ్మ చాప వదిలేసి వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీ ఇంట్లో కూడా ఉన్నాడా మాష్టారూ ఒకడు?" అంది.

లేడని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఉన్నాడన్నాను.

"మరి తీసుకురాలేదేం?"

ఆవిడ మిరపకాయల కోతకెళ్లే మనిషి. కోతల రోజుల్లో చేతులు మండుతుంటాయి కదా, పిల్లాణ్ణి ముట్టుకునే ముందు కొబ్బరినూనె పట్టించి కడుక్కుంటుందట. అయినా ఒక్కోసారి వాడి కళ్లు మండి ఏడుస్తాడట. వాన వెలిసేలోపు నాకు క్లాసు పీకింది. సదరం చేయించలేదని చెబితే టీచరమ్మ వైపు తిరిగి, "చదువుకున్నోళ్లతో ఇదే తంటా" అంది. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. సదరం కాగితం, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీలు. చదవడం అంతంత మాత్రం గానీ, ఏ కాగితం ఏదో మడతను బట్టి చెప్పేస్తుంది. రానూపోనూ ఛార్జీలకు రవాణా భత్యం, తోడు వచ్చినవాళ్లకి ఎస్కార్ట్ అలవెన్సు వస్తాయని, అవి పడ్డాయో లేదో బ్యాంకుకెళ్లి అడగాలని కూడా ఆవిడే చెప్పింది. ప్రభుత్వ టీచరునైన నాకు ఆ ముక్క అప్పుడే తెలిసింది.

మర్నాడు మా ఆవిణ్ణీ మావాణ్ణీ బండి మీద తీసుకెళ్లాను. మొదటి రోజు గుమ్మం దగ్గరే నిలబడింది. రెండో వారానికి లోపల చాప మీద కూర్చుంది. ఒకరోజు మధ్యాహ్నం బెల్లు కొట్టాక వెళ్లి చూద్దును కదా, గోడవారన చాప మీద నిద్రపోతోంది. మావాడి ముందు కందులు పోసిన బేసిన్ పెట్టి, అందులో దాచిన గోళీలు వెతికిస్తోంది కోతలావిడ. నన్ను చూసి నోటి మీద వేలేసింది. గంటన్నర ఎవరూ లేపలేదు. లేచేసరికి మా ఆవిడ చెంప మీద చాప అచ్చు, అడ్డంగా గీతలు గీతలుగా. మావాడు పుట్టాక ఆవిడ పగలు కన్ను మూయడం నేను చూడలేదు. రాత్రుళ్లయినా ఏం నిద్ర, వాడు మూడింటికి లేచి ఫ్యాను స్విచ్ వేసి ఆర్పుతుంటే!

మీరు సహాయం అన్నారు చూడండి, నా దృష్టిలో అది ఈ గంటన్నర. డాక్టర్లూ పథకాలూ తర్వాతి వరస. ఆ చాపల మీద కూర్చునే అయిదారుగురు తల్లులు మాకు నేర్పినంత ఏ స్పెషలిస్టూ నేర్పలేదు. జుట్టు కత్తిరించేటప్పుడు వాణ్ణి ఎలా కూర్చోబెట్టాలి, ఏ మంగలి విసుక్కోడు, మాత్ర ఏ పచ్చట్లో కలిపితే గుర్తుపట్టడు, ఇవి ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండవు. చెప్పకూడదు గానీ, తండ్రులు మాత్రం వాన పడితే తప్ప అటు రారు.

సరే, కాగితాలు. మీ అక్క ఆంధ్రలో ఉన్నా తెలంగాణలో ఉన్నా ముందు వైకల్య సర్టిఫికెట్. ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో సదరం స్లాట్ తీసుకోవాలి. తెలంగాణలో ఇదివరకు మీసేవలో తీసుకునేవాళ్లు, ఇప్పుడు యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) వెబ్‌సైటు ద్వారా. పొద్దున ఎంత త్వరగా పిలిస్తే అంత మంచిది. మాకు మాత్రం ఉదయం నుంచి మూడింటిదాకా ఆసుపత్రి వరండాలో నించోవడమే. అప్పటికి మావాడు ఫ్యాను తప్ప దేన్నీ చూడట్లేదు. సైకాలజిస్టు "ఇందులో కుక్క ఏది?" అని బొమ్మ చూపించాడు. వీధిలో అన్ని కుక్కలూ వాడికి దోస్తులే, అక్కడ మాత్రం వేలు పెట్టలేదు. వాడికిష్టమైన తిండి, ఆటవస్తువు, తోడుకి ఇంకో మనిషి, ఈ మూడూ లేకుండా వెళ్లకండి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలావాటికి పనికొస్తుంది. పిల్లలకు తరచు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, గడువు తేదీ క్యాలెండర్లో రాసి పెట్టుకోండి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది.

పింఛను మాకు వర్తించలేదు. కోతలావిడ ఇంటికి వస్తుంది. ఆంధ్రలో 2024 జూలై నుంచి అది నెలకు 6,000 అయింది, తెలంగాణలో 4,016. 2025లో ఆంధ్రలో మళ్లీ వెరిఫికేషన్ అని నోటీసులిచ్చినప్పుడు ఆవిడ ఆ ప్లాస్టిక్ కవరుతో ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. ఆటిజం ఏమన్నా ఏడాదికోసారి తగ్గే జ్వరమా?

నిరామయ అనే ఆరోగ్య బీమా గురించి చాలామందికి తెలియదు. దీన్ని నడిపేది నేషనల్ ట్రస్ట్, 1999 చట్టంతో వచ్చిన కేంద్ర సంస్థ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. ఏడాదికి లక్ష దాకా కవరేజీ, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. థెరపీ బిల్లులు కూడా పరిమితికి లోబడి పెట్టుకోవచ్చు. కాబట్టి ప్రతి రసీదూ దాచండి. ఉద్యోగం ఉంటే ఆదాయపు పన్నులో (1961 చట్టంలో దీన్ని 80డీడీ అనేవారు) 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. ఇది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

పిల్లాడు చిన్నవాడైతే ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (చిన్నపిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స మొదలుపెట్టే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. కనీసం ఒక్కసారైనా సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ తీసుకెళ్లండి. 1984 నుంచి ఉన్న సంస్థ, ఇప్పుడు పేరు ఎన్ఐఈపీఐడీ. ఆటో అతనికి పాత పేరు ఎన్ఐఎంహెచ్ అంటేనే తెలుస్తుంది. వాళ్లదే నెల్లూరులోనూ ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది, సీఆర్సీ అంటారు. ఎన్ఐఎంహెచ్ నాకెందుకు నచ్చిందంటే తల్లిని లోపలే కూర్చోబెట్టుకుంటారు. ఇంట్లో ఏం చేయాలో రాసి, చేసి చూపించి పంపుతారు.

పద్దెనిమిది నిండాక ఇంకో తలనొప్పి ఉంది. చట్టం ప్రకారం ఆ తర్వాత తల్లిదండ్రులు దానంతటదే గార్డియన్లు కారు. కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మాకు ఇంకా ఐదేళ్లుంది గానీ మా ఆవిడ అప్పుడే ఫైలు తెరిచింది.

బడి సంగతి అడిగితే నాకు బీపీ వస్తుంది. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కన్నది. ఒక ప్రైవేటు స్కూల్లో మావాణ్ణి చేర్చుకుని, మూడు వారాలకు "మిగతా పేరెంట్స్ ఫీలవుతున్నారు సార్" అని ఫీజు వెనక్కిచ్చారు, నోట్లు లెక్కపెట్టి మరీ. దివ్యాంగులు అని పేరు మాత్రం ఘనంగా పెట్టుకున్నాం. నన్నడిగితే ఆ పేరు మీద పెట్టిన శ్రద్ధలో సగం మరుగుదొడ్ల మీద పెట్టాల్సింది.

ఇంకోటి. సదరం వచ్చాక బదిలీల్లో నాకు ప్రిఫరెన్షియల్ కేటగిరీ, అంటే మిగతావాళ్లకన్నా ముందు వరస, వర్తించింది. ఆ సాయంత్రం ఒక సహోద్యోగి టీ తాగుతూ "నీకేం మాష్టారూ, అదృష్టవంతుడివి" అన్నాడు. ఆ టీ డబ్బులు ఇచ్చింది కూడా నేనే.

ఇప్పుడు మీ సంగతి. మీరు మేనమామ. మన దగ్గర మేనమామకి చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునే హక్కుంది కదా, ఆ హక్కు ఇప్పుడు వాడండి. వీడియో లింకులు పంపకండి, మీ అక్క అవన్నీ రాత్రి రెండింటికి చూసే ఉంటుంది. ఆదివారం వెళ్లి పిల్లాణ్ణి రెండు గంటలు మీ దగ్గర ఉంచుకోండి. మొదటి రెండుసార్లు ఏడుస్తాడు, కొడతాడు, మీ చొక్కా కొరుకుతాడు. మూడోసారికి మీ వాసన గుర్తుపడతాడు. ఆ రెండు గంటలూ అక్కని ఏం చేసుకుంటుందని అడక్కండి. మా ఆవిడైతే నిద్రపోతుంది, కోతలావిడ తలస్నానం చేస్తుంది.

సోమవారం భవితకెళ్లండి. ఎక్కడుందో స్కూల్లో ఎవరికీ తెలియకపోవచ్చు, టీచర్లతో సహా. తాళం వేసి ఉంటే ఎంఈవో ఆఫీసులో అడగండి, తాళంచెవి అక్కడ మేకుకి వేలాడుతుంటుంది. తలుపుకి అడ్డంగా బండి ఉంటే మొహమాటపడకుండా తీయించండి.