స్టడ్ బుక్ నుంచి గుర్రాన్ని తీసేస్తే సభ్యుడి ఓటు పోతుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకు, అమ్మవారి పండగలకు గుర్రాలను పంపడం మా నాన్నగారి కాలం నుంచి వస్తున్న పని. మార్వాడీ జాతి గుర్రాలు పెంచేవాళ్లం కలిసి 2016లో విజయనగరంలో ఒక సంఘం రిజిస్టర్ చేసుకున్నాం. ఇప్పుడు 64 మంది సభ్యులం. గుర్రాల వంశావళి రాసే స్టడ్ బుక్ కూడా సంఘమే నిర్వహిస్తోంది. పుష్కర్ సంతలో కొన్న నా రెండు తెల్ల ఆడగుర్రాలను 2018లో అందులో రాశారు. వాటికి పుట్టిన రెండు పిల్లలనూ తర్వాత చేర్చారు. ఈ జనవరిలో సర్వసభ్య సమావేశం పెట్టారు. నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో ‘నిబంధనల సవరణ, ఇతర విషయాలు’ అని ఒక్క వరుస వచ్చింది. 23 మంది హాజరయ్యాం. రానివారివంటూ మరో 15 సంతకాల కాగితాలు కార్యదర్శి తెచ్చారు. ఆ లెక్కతో నాలుగు మార్పులు ఆమోదించామన్నారు. తెల్ల గుర్రాలను స్టడ్ బుక్ నుంచి తొలగిస్తారట. తల్లీ తండ్రీ ఇద్దరూ స్టడ్ బుక్‌లో ఉన్న గుర్రం కనీసం ఒకటైనా ఉన్న సభ్యుడికే ఓటట. కార్యవర్గం పదవీకాలాన్ని రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు, అది ఇప్పటివారికీ వర్తిస్తుందట. చందా 500 నుంచి 2,000 రూపాయలు చేశారు. దాంతో మార్చిలో జరగాల్సిన ఎన్నిక లేదంటున్నారు. నేను సమావేశంలో నోటిమాటగా అభ్యంతరం చెప్పాను, కానీ హాజరు పట్టీలో సంతకం పెట్టాను. అడిగితే ‘రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చేశాం, ఇక అయిపోయింది’ అంటున్నారు. అధ్యక్షుడు నాకు మామయ్య వరుస. బొబ్బిలి కోర్టులో దావా వేయవచ్చా? హైకోర్టుకు వెళ్లాలా? (ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా)

జవాబు: ‘ఇక అయిపోయింది’ అన్న మాటను నమ్మకండి. రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం ఇచ్చినంత మాత్రాన చెల్లని తీర్మానం చెల్లుబాటు కాదు. మీ సంఘం ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నడుస్తోంది. సంఘం పంపిన కాగితాలను దాఖలు చేసుకోవడం వరకే జిల్లా రిజిస్ట్రారు పని. రెండు వర్గాల్లో ఎవరిది న్యాయమో తేల్చే అధికారం ఆయనకు లేదని హైకోర్టు పలుమార్లు చెప్పింది. అందువల్ల అక్కడ పడిన ముద్ర మీ హక్కును పోగొట్టలేదు. అలాగే అక్కడ మీరు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా తగవు తీరదు. ఆ మెట్లెక్కి దిగుతూ నెలలు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

మీరు పంపిన నియమావళి పుటల ఫొటోలు శ్రద్ధగా చదివాను. మీ కేసు బలమంతా అక్కడే ఉంది. సవరణ చేయాలంటే 14 రోజుల ముందు ప్రతి సభ్యుడికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలనీ, ప్రతిపాదించే సవరణ పూర్తి పాఠం దానికి జతచేయాలనీ అందులో స్పష్టంగా ఉంది. మీకు అందింది నాలుగు రోజుల ముందు, వాట్సాప్‌లో, ఒక్క వరుస. నోటీసు అంటే సమావేశం ఉందన్న కబురు మాత్రమే కాదు. తన ఓటుకు ముప్పు రాబోతోందని సభ్యుడికి ముందే తెలియాలి. తెలిస్తే ఆ రోజు ఊరేగింపు ఒప్పుకున్నవాడు కూడా మానుకుని వస్తాడు. మీ సంఘంలో 41 మంది రాలేదు. ‘ఇతర విషయాలు’ అన్న మాట కింద ఓటు హక్కును తీసేస్తారని వాళ్లలో ఎవరు ఊహించగలరు?

రిజిస్టర్డ్ పోస్టే ఇప్పుడు లేదు కదా అని కార్యదర్శి వాదించవచ్చు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ సేవను స్పీడ్ పోస్టులో కలిపిన మాట నిజమే. అయితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవడానికి ఎవరూ అడ్డుపడలేదు. తపాలా పద్ధతి మారిందని 14 రోజుల గడువు నాలుగు రోజులు కాదు, సవరణ పాఠం జతచేయాలన్న షరతు రద్దు కాదు.

ఇక ఆ 15 కాగితాలు. ప్రాక్సీ ఓటు (రాని సభ్యుడి తరఫున ఇంకొకరు వేసే ఓటు) సభ్యుడికి సహజంగా వచ్చే హక్కు కాదు, నియమావళిలో ఉంటేనే ఉంటుంది. మీ నియమావళిలో ఎక్కడా నాకు కనిపించలేదు. పైగా సవరణ పాఠం ఎవరికీ పంపనప్పుడు వాళ్లు దేనికి సమ్మతించి సంతకం పెట్టారు? వాటిని పక్కన పెడితే మిగిలేది హాజరైన 23 మంది. వారిలో ఎంతమంది చేయెత్తారు, మీలా ఎంతమంది కాదన్నారు అన్నది మినిట్స్ పుస్తకంలో (సమావేశంలో జరిగింది రాసే పుస్తకం) ఉండాలి. సాధారణ విషయానికి సగానికి పైగా ఓట్లు చాలు. నియమావళి సవరణకు ప్రత్యేక తీర్మానం కావాలి, దానికి పెద్ద మెజారిటీ అవసరం. కాబట్టి మీరు ముందుగా సంపాదించాల్సింది ఆ మినిట్స్ నకలు.

ఇప్పుడు గుర్రాల సంగతి. ఇక్కడ మీకు కొంత కష్టం కలిగించే మాట చెప్పాలి. మార్వాడీ గుర్రం ఎలా ఉండాలో, ఏ రంగును ఒప్పుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ జాతి సంఘానికి ఉంటుంది. పూజలకూ ఉత్సవాలకూ ప్రత్యేకంగా పెంచే తెల్ల గుర్రాలను మార్వాడీ స్టడ్ బుక్కుల్లో సాధారణంగా చేర్చుకోరు. కొనలు ఒకదానికొకటి తాకేలా లోపలికి వంగిన చెవులు ఉన్నా, నడక బాగున్నా, రంగు దగ్గర ఆపేస్తారు. ‘నా గుర్రం అసలైన మార్వాడీయే’ అని మీరు కోర్టులో వాదిస్తే, అది మా పని కాదని న్యాయమూర్తి అనవచ్చు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో మార్వాడీ, కాఠియావాడీ, స్పితి, మణిపురీ గుర్రాలను దేశీయ జాతులుగా నమోదు చేసింది. ఆ నమోదు జాతికి సంబంధించినది. అది ఏ సంఘానికీ గుత్తాధికారం ఇవ్వదు, ఏ సభ్యుడి గుర్రానికీ హామీ ఇవ్వదు. కాబట్టి ఇకపై తెల్ల పిల్లలను చేర్చుకోబోమని సంఘం సరైన పద్ధతిలో తీర్మానిస్తే దాన్ని కొట్టివేయించడం కష్టం.

అయితే మీ సంఘం చేసింది అది కాదు. ఎనిమిదేళ్ల కిందట పరిశీలించి, రుసుము తీసుకుని, పుస్తకంలో రాసిన గుర్రాలను మీకు ఒక్క మాట చెప్పకుండా కొట్టేసింది. మొదటి రెండు సవరణలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి దానితో మీ ఆడగుర్రాలు పుస్తకం నుంచి పోతాయి. అవి పోగానే వాటి పిల్లలకు ‘పుస్తకంలో ఉన్న తల్లి’ ఉండదు. పిల్లలు ఏ రంగులో పుట్టినా సరే, రెండో సవరణ కింద మీ చేతిలో ఓటుకు పనికొచ్చే గుర్రం ఒక్కటీ మిగలదు. విడివిడిగా చూస్తే ఒకటి జాతి స్వచ్ఛత కోసమనీ, ఇంకొకటి అసలైన పెంపకందారులకే ఓటు ఇవ్వడం కోసమనీ అనిపిస్తుంది. కలిపి చదివితే మీలాంటివారి ఓట్లు ఏరివేసినట్టు తేలుతుంది. ఇలా ఓటు పోయేవారు సంఘంలో ఎందరో పేరుపేరునా లెక్క తీయండి. తెల్ల గుర్రాలున్నవారంతా మార్చి ఎన్నికలో ఎటు ఓటేసేవారో కూడా రాసిపెట్టండి. కోర్టుకు ఉద్దేశం అర్థమయ్యేది ఆ పట్టికతోనే.

సంఘానికీ సభ్యుడికీ మధ్య ఉన్నది ఒప్పందం. టి.పి. దావర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే (ఆ తీర్పు 1963 నాటి తీర్పుల సంపుటాల్లో ఉంది). అది సభ్యుడి బహిష్కరణ గురించిన కేసు. చర్య తీసుకునేవారు నియమావళిని తప్పక పాటించాలనీ, సభ్యుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ కోర్టు అంది. మిమ్మల్ని పేరు పెట్టి బహిష్కరించలేదు. కానీ ఓటులేని సభ్యత్వంలో చందా కట్టే బాధ్యత తప్ప ఏమి మిగులుతుంది? అందుకే ఆ సూత్రం మీకు వర్తిస్తుందని నా అభిప్రాయం.

పదవీకాలం పెంపు మరీ అన్యాయంగా ఉంది. సభ్యులు వీరిని రెండేళ్ల కోసం ఎన్నుకున్నారు. కాలపరిమితి పెంచాలనుకుంటే రాబోయే కార్యవర్గానికి పెంచుకోవచ్చు. తాము కుర్చీలో ఉండగా తమకే మూడేళ్లు కలుపుకోవడం, అదీ నోటీసు లేని సమావేశంలో, ఏ న్యాయమూర్తికైనా అనుమానం కలిగిస్తుంది. మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోగా కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కోరేటప్పుడు మీ న్యాయవాది మొదట ఎత్తాల్సిన అంశం ఇదే, ఎందుకంటే గడువు మార్చిలో ముగుస్తోంది.

చందా పెంపు మీద పోరాడకండి. 2,000 రూపాయలూ కట్టేయండి, అదీ బ్యాంకు ద్వారా. కట్టిన రోజే ‘జనవరి తీర్మానాలను ఒప్పుకోకుండా, నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను’ అని ఉత్తరం పంపండి. కట్టకపోతే బకాయిదారుడంటారు, ఆ ఒక్క సాకుతో అసలు కేసు పక్కకు పోతుంది.

హాజరు పట్టీలో సంతకం చేసినందుకు బాధపడకండి. వచ్చానని చెప్పే సంతకం ఒప్పుకున్నానని చెప్పదు. కానీ ఆ పట్టీనే ఆమోదించినవారి జాబితాగా చూపే ప్రమాదం ఉంది. అందుకని ఈ వారంలోనే అధ్యక్షుడికీ కార్యదర్శికీ విడివిడిగా స్పీడ్ పోస్టులో అభ్యంతరం రాసి పంపండి. నోటీసు లోపం, సవరణ పాఠం ఇవ్వకపోవడం, 15 కాగితాలు, మీరు ఆ రోజు నోటితో చెప్పిన అభ్యంతరం, మీ పక్కన ఎవరున్నారు అన్నవి అందులో ఉండాలి. నెలల తరబడి మౌనంగా ఉండి తర్వాత కోర్టుకు వెళితే ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?’ అన్న ప్రశ్నకే సగం సమయం పోతుంది.

జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో సంఘం దాఖలు చేసిన మెమోరాండం (సంఘం ఉద్దేశాలు రాసిన పత్రం), పాత నియమావళి, కొత్త సవరణ, కార్యవర్గ జాబితాల సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. ఆలస్యం చేస్తే సమాచార హక్కు చట్టం కింద అదే కార్యాలయాన్ని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ సంఘాన్నే నేరుగా సమాచార హక్కు కింద అడిగితే ప్రయోజనం ఉండకపోవచ్చు. 2013లో కేరళ సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ నియంత్రణ గానీ గణనీయమైన నిధులు గానీ లేని సంఘాలు ఆ చట్టం పరిధిలోకి రావంటూనే, రిజిస్ట్రారు చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ద్వారా కోరవచ్చని చెప్పింది. వాట్సాప్ సందేశాన్ని ఫోనులోంచి తుడిచేయకండి, ఫోను మార్చకండి. స్క్రీన్‌షాట్ ముద్రించి ఇస్తే చాలదు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. గుర్రాల నమోదు పత్రాలు, రుసుము రసీదులు, మైక్రోచిప్ వేయించి ఉంటే ఆ 15 అంకెల సంఖ్య కూడా సిద్ధం చేసుకోండి.

ఏ కోర్టు అన్నదానికి జవాబు 2001 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. సంఘ వ్యవహారాల మీద సభ్యుల మధ్య గానీ కార్యవర్గంలో గానీ వివాదం వస్తే ఏ సభ్యుడైనా 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ‘ఏ సభ్యుడైనా’ అన్నారు కనుక మీరొక్కరే వేసినా సరిపోతుంది, అయినా మరో నలుగురు కలిస్తే మంచిది. బొబ్బిలిలో మామూలు దావా వేస్తే పరిధి లేదన్న అభ్యంతరం మొదటి రోజే వస్తుంది. హైకోర్టులో రిట్ (ప్రధానంగా ప్రభుత్వ చర్యల మీద వేసే పిటిషన్) వేసినా, ప్రైవేటు సంఘం అంతర్గత తగవు కనుక 23వ సెక్షన్ దారి చూసుకోమనే అవకాశమే ఎక్కువ. విజయనగరం జిల్లా కోర్టుకు వెళ్లండి. జనవరి తీర్మానాలు చెల్లవని ప్రకటించమనీ, ఈలోగా వాటి అమలు ఆపమనీ, పాత ఓటర్ల జాబితాతో అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే న్యాయవాది) పర్యవేక్షణలో ఎన్నిక జరిపించమనీ కోరండి. స్టడ్ బుక్ సంఘం ఆస్తి. ఎవరి ఇంట్లో ఉన్నా దాన్ని దిద్దకుండా భద్రపరచమని కూడా అడగండి.

మామయ్యగారి విషయం. మీ ఉత్తరంలో చట్టం కంటే ఆ చుట్టరికమే మిమ్మల్ని ఎక్కువ బాధిస్తోందని నాకు అనిపించింది. అభ్యంతరం పోస్టు చేసిన రోజు సాయంత్రమే ఇంటికి వెళ్లి, ‘మామయ్యా, కాగితం పంపాను, మీ మీద కోపంతో కాదు’ అని చెప్పండి. ఉత్తరం ముందు, మాట తర్వాత. ఈ వరుస మార్చకండి. రాజీకి దారి కూడా ఉంది. కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ ఇస్తే ఇద్దరినీ పిలిపించి మాట్లాడతారు. ఒప్పందం కుదిరి లోక్ అదాలత్ అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం. ‘ఇప్పటికే నమోదైన గుర్రాలు, వాటి పిల్లలు యథాతథంగా ఉంటాయి, తెల్ల గుర్రాల కొత్త నమోదు మాత్రం ఆపేస్తాం, ఎన్నిక మార్చిలోనే జరుపుతాం’ అన్న రాజీకి వారు వస్తే ఒప్పుకోమనే నా సలహా. మార్చి మొదటి వారానికి కూడా మాట కుదరకపోతే చర్చలు నడుస్తున్నాయని ఆగకుండా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసేయండి.