ఓటున్నది బావకు, వీసా మీదున్నది మావాడు

అమెరికాకు వలస వెళ్ళిన మనవాళ్ళే వలసలు వద్దనే ట్రంప్ పార్టీకి ఎందుకు ఓటేస్తారు అని చాలామంది అడుగుతుంటారు. మా ఇంట్లోనే అట్లాంటి ఆయన ఒకరున్నారు, మా అక్క భర్త. మాది తిరుపతి. బావ 1998లో, వైటుకె రోజుల్లో (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు గిరాకీ వచ్చిన కాలం) అమెరికా వెళ్ళి డాలస్‌లో స్థిరపడ్డాడు. పౌరసత్వం వచ్చింది. 2024 అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్‌కు ఓటేశాడు, ఆ మాట దాచుకోడు కూడా.

మనవాళ్ళంతా అట్లా అనుకోకండి. కార్నెగీ అనే అమెరికా పరిశోధన సంస్థ సర్వేల్లో ట్రంప్ వైపున్న భారతీయ అమెరికన్లు 2020లో 22 శాతం, 2024లో 30 శాతం దాటారు. అప్పుడూ నూటికి అరవై మంది ట్రంప్ ప్రత్యర్థి కమలా హారిస్ వైపే.

బావనే అడిగితే, "తిరుమల దర్శనానికి శ్రీనివాసం దగ్గర టోకెన్ తీసుకుని కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చున్నోడికి, మధ్యలో కంచె దూకి దూరినోణ్ణి చూస్తే ఒళ్ళు మండదా?" అన్నాడు. ట్రంప్ తిట్టేది మెక్సికో సరిహద్దు దాటి వచ్చినోళ్ళనే, తనను కాదు అని ఆయన నమ్మకం. పైగా 2019లో హ్యూస్టన్ సభలో మోదీ పక్కన ట్రంప్‌ను చూడ్డానికి నాలుగు గంటలు కారు నడిపాడు. ట్రంప్ పన్నులు తగ్గిస్తాడన్న ఆశ సరేసరి.

నిజమే, మండుతుంది. కానీ మా అబ్బాయి హెచ్‌1బి మీద, అంటే ఉద్యోగానికిచ్చే తాత్కాలిక వీసా మీద, అదే ఊళ్ళో ఉన్నాడు. ఏ దేశానికీ ఏడు శాతం మించి గ్రీన్‌కార్డులు (శాశ్వతంగా ఉండే అనుమతి) ఇవ్వరు కాబట్టి మనవాళ్ళ క్యూ కదలదు. బావకు ఏడేళ్ళలో వచ్చింది, వీడికి ఎప్పటికో తెలీదు. గ్రీన్‌కార్డే లేనోడికి పౌరసత్వం, ఓటు ఎక్కడివి? దెబ్బ తగిలేది వీడికి, ఓటేసేది ఆయన.

2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, ఇట్లాంటి వీసాల మీదున్నవాళ్ళకు పుట్టే పిల్లలకూ పౌరసత్వం రాదనే ఉత్తర్వు మీద ట్రంప్ సంతకం పెట్టాడు. నెల తర్వాత పుట్టేవాళ్ళకు వర్తింపు. మా కోడలికి మార్చిలో డేట్. ఆ టెన్షన్ చెప్పలేను. మూడు రోజులకే సియాటెల్‌లో ఒక జడ్జి ఆ ఉత్తర్వును తాత్కాలికంగా ఆపాడు. బావకు ఫోన్ చేసి, "టోకెన్ తీసుకుని నిలబడ్డ నీ మేనల్లుడి ముందే గేటేస్తున్నారు కదా" అన్నాను. "అవన్నీ కోర్టులు చూసుకుంటాయిలే" అన్నాడు. కోపమొచ్చి రెండు నెలలు మాట్లాడలేదు.

సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలకు బిడ్డను తీసుకొస్తామని మావాడు టికెట్లు కొన్నాడు. 19న కొత్త హెచ్‌1బికి లక్ష డాలర్లు, అంటే మన లెక్కలో 88 లక్షలు, కట్టాలని ప్రకటన వచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు వర్తించదని మర్నాడు చెప్పారు గానీ, కంపెనీ దేశం దాటొద్దంది. టికెట్లు రద్దు.

బావ మాత్రం అమెరికా పాస్‌పోర్ట్‌తో గరుడసేవకు వచ్చాడు. మా మనవడి ఫోటోలు ప్రింట్ తీయించి తెచ్చాడు.