రోజూ పెట్టుకోవడానికి సాదా సోలార్ వాచీ: ఏం చూసి కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: టైమూ తేదీ కనిపిస్తే చాలు, ఫోనుకు కలిపే తంటా వద్దు, బ్యాటరీ మార్పించే పని తప్పాలి. పగలంతా ఆఫీసు గదిలోనే ఉంటారు కాబట్టి అసలు చార్జ్ అవుతుందా అని అనుమానం. అవుతుంది. కాకపోతే కంపెనీ పేరు కంటే ముందు చూసుకోవాల్సినవి రెండు: మీ చేతి మీద రోజూ పడే వెలుతురెంత, ఆ వాచీ రోజుకు తినే కరెంటెంత. ఈ లెక్క కుదిరితే ఏళ్ల తరబడి దాని జోలికే పోనక్కర్లేదు. కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టినా అది ఏదో ఒక రోజు సొరుగులో ఆగిపోయి కనిపిస్తుంది.

లోపలి సంగతి కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు. డయల్ కింద సోలార్ పలక ఉంటుంది. వెలుతురు కొంత లోపలికి దిగేలా డయల్ తయారుచేస్తారు, అందుకే పైకి మామూలు వాచీలాగే కనిపిస్తుంది. డిజిటల్ వాచీలో అయితే స్క్రీన్ చుట్టూ ముదురు రంగు పట్టీలా ఆ పలక బయటికే తెలుస్తుంది. పలక నుంచి వచ్చే కరెంటు రీచార్జ్ అయ్యే చిన్న లిథియం సెల్‌లో చేరుతుంది, వాచీ నడిచేది ఆ సెల్ మీద. కాబట్టి ‘బ్యాటరీయే లేని వాచీ’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. బ్యాటరీ ఉంది, చాలా ఏళ్లపాటు మార్చే అవసరం రాదు, అంతవరకే. ముళ్ల వాచీని వెలుతురుతో నడిపే పద్ధతి 1976లో సిటిజన్ తెచ్చింది. అప్పట్లో పలకలు డయల్ మీదే కనిపించేవి. ఇప్పుడు తెల్ల డయల్‌లో కూడా దొరుకుతున్నాయి కాబట్టి రంగు విషయంలో రాజీ పడక్కర్లేదు.

ఇక వెలుతురు లెక్క. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నడి ఎండ సుమారు 1,00,000 లక్స్. మబ్బు పట్టిన రోజు ఆరుబయట 10,000 దరిదాపుల్లో ఉంటుంది. ఆఫీసు బల్ల మీద 500. రాత్రి ఇంట్లో హాల్లో 100, 200 ఉంటే గొప్ప. ఇంత తేడా ఉన్నా మనకు తెలియదు, ఎందుకంటే కంటిపాప సర్దుకుపోతుంది. సోలార్ పలకకు ఆ వీలు లేదు, పడినంతే తీసుకుంటుంది.

ఒక రోజు నడకకు ఎంత వెలుతురు కావాలో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. క్యాసియో చాలా మోడళ్లకు ఇచ్చే అంకెలు ఇవి: 50,000 లక్స్ ఎండలో 5 నిమిషాలు, కిటికీ పక్కన 10,000 లక్స్‌లో 24 నిమిషాలు, 5,000 అయితే 48 నిమిషాలు, గదిలో ట్యూబ్‌లైట్ కింద 500 లక్స్‌లో 8 గంటలు. చివరి అంకె చూస్తే 8 గంటల డ్యూటీకి సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ 500 లక్స్ నేరుగా డయల్ మీద పడితేనే ఆ లెక్క. కీబోర్డు మీద చెయ్యి ఉన్నప్పుడు డయల్ బయటివైపుకు వాలి ఉంటుంది, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేస్తే కఫ్ సగం కప్పేస్తుంది, చెయ్యి బల్ల కిందికి పోతే ఇంకేం లేదు. అంటే ఆఫీసు దీపాలనే నమ్ముకున్న వాచీ రోజూ కాస్త కాస్త అప్పు చేస్తూ బతుకుతుంటుంది. ఆ అప్పు తీర్చడం మాత్రం చాలా తేలిక. రోజుకు 5 నిమిషాల చొప్పున చూసుకున్నా వారం మొత్తానికి 35 నిమిషాల ఎండ. సెలవు రోజు వాచీ పెట్టుకుని బయట నడిచినా సరిపోతుంది. ఫుల్‌హ్యాండ్స్ అలవాటున్నవాళ్లు కిటికీ దగ్గర గంటసేపు విప్పి పెడితే చాలు.

నిండుగా ఉన్నదాన్ని నిలబెట్టడం ఒక ఎత్తు, ఖాళీ అయినదాన్ని నింపడం ఇంకో ఎత్తు. పూర్తిగా అయిపోయిన సెల్ నిండడానికి ఎండలోనే చాలా గంటలు కావాలి. కొన్ని మాన్యువళ్లలో 500 లక్స్ వరసలో ‘పూర్తి చార్జ్’ గడిలో అంకె బదులు గీత ఉంటుంది. గదిలో దీపం కింద అది నిండదని దానర్థం.

ఇందుకే కొనేటప్పుడు నేను మొదట అడగమనేది, పూర్తి చార్జ్ మీద చీకట్లో ఎన్నాళ్లు నడుస్తుంది అని. సిటిజన్ తన సోలార్ వాచీలకు పెట్టిన పేరు ఈకో-డ్రైవ్; వాటిలో ఈ111 మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ఉన్నవి సుమారు 6 నెలలు, సీకో సోలార్‌లో వీ157 ఉన్నవి సుమారు 10 నెలలు నడుస్తాయి. క్యాసియో జీడబ్ల్యూ-ఎమ్5610 మామూలు వాడకంలో సుమారు 10 నెలలు, చీకట్లో స్క్రీన్ ఆర్పి కరెంటు మిగిల్చే పవర్ సేవింగ్‌తో సుమారు 22 నెలలు వస్తుంది. ఆరు నెలలకు తగ్గనిది చూసుకుంటే, మబ్బులు పట్టిన నెలలొచ్చినా, నెల రోజులు సొరుగులో పడి ఉన్నా ఇబ్బంది ఉండదు. వాచీ మోడల్ నంబరుతో పాటు మూవ్‌మెంట్ నంబరు కూడా వెనక మూత మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాన్యువల్ వెతకాలంటే పనికొచ్చేది ఆ రెండోదే.

ముళ్లదా, డిజిటలా? మీరు చెప్పిన అవసరానికి నా ఓటు మూడు ముళ్లు, ఒక తేదీ గడి ఉన్న వాచీకే. అలారం, స్టాప్‌వాచ్, లైటు, రేడియో సిగ్నల్, ఇలా ఒక్కొక్కటీ కరెంటు తినేదే, పైగా డయల్ మీద చిన్న చక్రాలు పెరిగేకొద్దీ టైము చూడ్డం కష్టమవుతుంది. అలారం తప్పనిసరి అనుకుంటే మాత్రం డిజిటల్ తీసుకోండి. అందులో నల్ల నేల మీద తెల్ల అంకెలు వచ్చే రకం వద్దు. ఫొటోల్లో అందంగా ఉంటుంది గానీ మసక వెలుతురులో, కొంచెం పక్కనుంచి చూస్తే అంకెలు కనిపించవు. బూడిద రంగు మీద నల్ల అంకెలే మేలు.

రేడియో సిగ్నల్‌తో టైము దానంతటదే సరిదిద్దుకునే వాచీలకు అదనంగా డబ్బు పెట్టేముందు ఒకటి చూసుకోండి. ఆ సిగ్నల్ పంపే కేంద్రాలు జపాన్‌లో రెండు, అమెరికా, బ్రిటన్, జర్మనీ, చైనాల్లో ఒక్కొక్కటి ఉన్నాయి. మీరుండే చోటు వాటికి అందేంత దూరంలో లేకపోతే ఆ సౌకర్యం ఉన్నా లేనట్టే. రేడియో లేని మామూలు సోలార్ వాచీకి నెలకు 15 సెకన్లు అటూఇటూ తేడా వస్తుందని కంపెనీలు రాస్తాయి. మూణ్ణెల్లకోసారి సరిచేసుకుంటే నిమిషం తేడా కూడా రాదు. తేదీ గడి మామూలు రకమైతే అది 31 వరకూ లెక్కపెట్టేస్తుంది, కాబట్టి 30 రోజుల నెల తర్వాత, ఫిబ్రవరి తర్వాత మీరే మార్చాలి. ఆ మార్చేది రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 మధ్య వద్దు. ఆ వేళ తేదీ తిప్పే పళ్లచక్రం పట్టులో ఉంటుంది, బలవంతం చేస్తే మర్నాడు తేదీ మారకపోవచ్చు.

సైజు విషయంలో వ్యాసం ఒక్కటే చూడకండి. బెల్టు బిగించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉన్న పొడవు మీ మణికట్టు వెడల్పు దాటకూడదు. దాటితే 38 మిల్లీమీటర్ల వాచీ కూడా చేతి మీద ఎగిరిపడుతుంది. ఎక్కువమందికి 36 నుంచి 40 మధ్యలో సరిపోతుంది. కొమ్ముల మధ్య బెల్టు వెడల్పు 18 లేదా 20 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకుంటే తర్వాత ఏ బెల్టయినా దొరుకుతుంది. కేసుతో కలిసిపోయిన ప్రత్యేకం బెల్టు ఉన్న మోడళ్లలో అది తెగిన రోజున మళ్లీ అదే కంపెనీది వెతుక్కోవాలి. సిటిజన్ బీఎమ్8180 ఈ కొలతలకు మంచి ఉదాహరణ: 37 మిల్లీమీటర్ల కేసు, 18 బెల్టు, వారం, తేదీ, 100 మీటర్ల నీటి రేటింగ్, మినరల్ అద్దం. రోజువారీకి ఇంతకంటే ఏం కావాలో నాకైతే తోచదు.

అద్దం మినరల్ అయితే గీతలు పడతాయి, సఫైర్ అయితే అంత సులువుగా పడవు. గోడలకూ యంత్రాలకూ చెయ్యి తగిలే పనైతేనే సఫైర్ కోసం ఎక్కువ పెట్టండి. నీటి రేటింగ్ 30 మీటర్లు అంటే చెయ్యి కడుక్కున్నప్పుడు పడే తుంపర్ల వరకే. ఈతకు 100 మీటర్లది కావాలి. వేడినీళ్ల స్నానానికి ఏదీ వద్దు, లోపలి రబ్బరు రింగు వేడికి త్వరగా పాడవుతుంది.

చేతికి తీసుకున్నప్పుడు సెకన్ల ముల్లును ఒక నిమిషం గమనించండి. సెకనుకో గంతు వేస్తే బాగుంది. రెండు సెకన్లు ఆగి ఒక్కసారే రెండు గీతలు దాటుతుంటే చార్జ్ అడుగంటిందని వాచీ చెప్పే గుర్తు అది. ఎంతకాలం చీకట్లో పెట్టెలో పడుందో తెలియదు కాబట్టి అలాంటిది వెంటనే వద్దనక్కర్లేదు, కానీ చార్జ్ పెట్టాక మామూలు నడక వస్తుందో లేదో చూసే తీసుకోండి. ఎండలో పెట్టిన మర్నాటికే మళ్లీ రెండేసి గీతలు దాటుతుంటే సెల్ దెబ్బతిన్నట్టు. సెకండ్‌హ్యాండ్ వాచీకి ఈ పరీక్ష తప్పనిసరి.

కొన్ని డిజిటల్ వాచీలు తెల్లవారుజామున చూస్తే స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. చెడిపోయిందని కంగారు పడతారు. క్యాసియోలో పవర్ సేవింగ్ అంటే అదే: రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య గంటసేపు చీకట్లో ఉంటే అంకెలు ఆర్పేస్తుంది, లోపల టైము నడుస్తూనే ఉంటుంది. ఏ బటన్ నొక్కినా వచ్చేస్తుంది. లైటు గబగబా పదిసార్లు వేస్తే కొన్ని పనులు కాసేపు ఆగిపోవడం కూడా మామూలే, సెల్ వోల్టేజీ పుంజుకోగానే తిరిగొస్తాయి.

చార్జ్ పెట్టేటప్పుడు వాచీని చంపేది వేడి. ఎక్కువ చార్జ్ అవుతుందన్న భయం అక్కర్లేదు, నిండాక ఆపే సర్క్యూట్ లోపలే ఉంది. కానీ 60 డిగ్రీల వేడి దాటితే సెల్‌కూ రబ్బరు రింగుకూ చేటు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టడం, ఫిలమెంట్ బల్బుకు ఆనించి పెట్టడం వద్దు. పొద్దుటి ఎండ పడే కిటికీ చాలు. దీపంతోనే పెట్టాలంటే ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంప్ కింద 15, 20 సెంటీమీటర్ల దూరంలో, డయల్ నేరుగా దీపం వైపు ఉండేలా పెట్టండి. ముట్టుకుంటే కేసు వేడిగా ఉండకూడదు. పూర్తిగా ఆగిన వాచీకి కొద్ది వెలుతురు తగలగానే ముల్లు కదులుతుంది. అది చూసి టైము పెట్టి చేతికి కట్టుకుంటే సాయంత్రానికి మళ్లీ ఆగుతుంది. రెండు మూడు రోజులు పగటి వెలుతురు పట్టించాకే టైము సరిచేయండి.

ఎన్నో ఏళ్ల తర్వాత సెల్ మార్చాల్సి వస్తే ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. క్యాసియోలో ఎక్కువగా వాడే సీటీఎల్1616 రీచార్జ్ సెల్, మామూలు సీఆర్1616 సెల్, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి: 16 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం. మొదటిది 2.3 వోల్టులు, రెండోది 3 వోల్టులు. హడావుడిలో మామూలుది వేస్తే వాచీ నడుస్తుంది కూడా. కానీ సోలార్ పలక దాన్ని చార్జ్ చెయ్యబోతుంది, ఆ సెల్ చార్జ్ తీసుకునే రకం కాదు, ఉబ్బడమో కారడమో జరిగి సర్క్యూట్ పోతుంది. చాలా సిటిజన్ సెల్‌లకు చిన్న లోహపు పట్టీ అతికించి ఉంటుంది. అదే పట్టీ ఉన్నది తెప్పించాలి, విడిగా దొరికే బటన్ సెల్ ఇరికించకూడదు. మూత తీసినప్పుడే రబ్బరు రింగు చూసి, గట్టిపడి ఉంటే మార్చి, లేకపోతే పలచగా సిలికాన్ గ్రీజు రాయమనండి. క్యాసియోలో సెల్ వేశాక ‘ఏసీ’ అని రాసిన చుక్కకూ సెల్ ప్లస్ వైపుకూ ట్వీజర్‌తో రెండు సెకన్లు తాకించి రీసెట్ చేయాలి. అది మరిచిపోతే కొత్త సెల్ వేసినా స్క్రీన్ పిచ్చి అంకెలు చూపిస్తుంది, లేదా అసలు వెలగదు.