ఆప్టిప్లెక్స్ 7050 చిన్న డబ్బాలో ఆర్‌టీఎక్స్ 3060 పెట్టొచ్చా?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెల్ ఆప్టిప్లెక్స్ 7050 ఎస్‌ఎఫ్‌ఎఫ్, అంటే చిన్న డబ్బా కంప్యూటర్ కొన్నానని, ఐ5-7500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయని, అందులో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చా అని మీరు అడిగారు.

వద్దండీ. ఆ డబ్బాలో పవర్ సప్లై మొత్తం కలిపి 180 వాట్లు. 3060 ఒక్కటే 170 లాగుతుంది, ప్రాసెసర్‌కి ఇంకో 65 కావాలి. పోనీ పవర్ సప్లై మారుద్దామా అంటే, మామూలు పెద్ద కంప్యూటర్లలో వాడే ఏటీఎక్స్ రకం ఆ గూట్లో పట్టదు, దానికి కావాల్సిన 24 పిన్నుల సాకెట్టూ బోర్డు మీద ఉండదు.

ఇక్కడే షాపులో ఎవరో ఒకరు హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చే సాటా కనెక్టర్ నుంచి కార్డుకి కావాల్సిన 8 పిన్నులకి మార్చే చిన్న వైరు చేతిలో పెడతారు. దయచేసి తీసుకోకండి. బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 3060కి మిగతా వంద దాకా ఆ వైరే మోయాలి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. విండోస్ బాగానే తెరుచుకుంటుంది, వీడియోలూ ఆడతాయి, అందుకే సరిపోయిందనుకుంటారు. గేమ్ మొదలుపెట్టాక పిన్నులు వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడి, కాలిన వాసన వస్తుంది. ఈ మోడల్లో సాటా కరెంటు మదర్‌బోర్డు మీదుగా వస్తుంది కాబట్టి పోతే వైరు ఒక్కటే పోదు, బోర్డూ పోవచ్చు.

మీరు వెతకాల్సింది విడిగా పవర్ వైరు అక్కర్లేని, లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తున్న, పొట్టి) కార్డు. నా ఓటు ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకానికి. 70 వాట్లే. ఎంఎస్ఐ, గిగాబైట్ కంపెనీలు రెండూ పొట్టి రకం చేస్తున్నాయి. 8 జీబీ 3050 మాత్రం వేరే కార్డు, దానికి 130 వాట్లూ విడిగా పవర్ వైరూ కావాలి. పేరు ఒకటే పెట్టి కొనేవాళ్లని ఇలా తికమక పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఆర్‌ఎక్స్ 6400 అనే ఇంకో కార్డు తక్కువ కరెంటుతో నడుస్తుంది, ఒక స్లాట్ మందంలోనూ దొరుకుతుంది. కానీ అది నాలుగు లేన్లే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు) వాడుకుంటుంది. మీ బోర్డు స్లాట్ పీసీఐఈ 3.0, అంటే నెమ్మదిగా ఉండే పాత తరంది, కాబట్టి కార్డులోని 4 జీబీ మెమరీ నిండిన క్షణం నుంచి గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. వీడియోని కుదించి పంపే ఎన్‌కోడర్ భాగమూ అందులో లేదు, స్ట్రీమింగ్ చేసేవాళ్లకి పనికిరాదు. పాత జీటీఎక్స్ 1050 టీఐ చవగ్గా వస్తుంది గానీ, దానికి కొత్త గేమ్ డ్రైవర్లు 2025తో ఆగిపోయాయి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవాలంటే జీటీఎక్స్ 1650 లో ప్రొఫైల్ చూడండి, కార్డుని డబ్బాకి బిగించే పొట్టి బ్రాకెట్ (లోహపు పట్టీ) కూడా ఇస్తున్నారా అని ముందే అడగండి. చాలామంది దాన్ని ఎక్కడో పారేసి ఉంటారు. అది లేకపోతే కార్డు డబ్బాలో బిగవదు.

కొనేముందు మూత తీసి స్కేలుతో కొలవండి. లో ప్రొఫైల్ కార్డు ఎత్తు సుమారు 69 మిల్లీమీటర్లు, మామూలుది 111. 3050 రెండు స్లాట్ల మందం ఉంటుంది, పక్క స్లాట్ ఖాళీగా ఉండాలి. పొడవు దారిలో హార్డ్‌డిస్క్ ట్రే, వైర్లు అడ్డొస్తాయేమో చూసుకోండి.

మానిటర్ పాత వీజీఏ రకమైతే ఆ కార్డులో ఆ సాకెట్ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కొనాలి, ఉత్త వైరు పనిచేయదు. ర్యామ్ ఒకే 8 జీబీ స్టిక్ అయితే అలాంటిదే ఇంకోటి వేయండి. ఈ ప్రాసెసర్‌తో గేమ్ తడబడటం దాంతో బాగా తగ్గుతుంది.

బిగించాక మానిటర్ వైరు బోర్డుకి కాదు, కార్డుకే పెట్టండి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి, బస్ ఇంటర్‌ఫేస్ (స్లాట్‌తో కార్డు కలిసిన తీరు) అన్న గడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారు పడకండి, కరెంటు ఆదా కోసం అలా తగ్గుతుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే 3050కి ఎక్స్8 (ఎనిమిది లేన్లు), 3.0 అని రావాలి. ఎక్స్4 అని వస్తే కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోలేదేమో, కరెంటు ఆపి, ప్లగ్ తీసి, క్లిక్‌మనేదాకా మళ్లీ నొక్కండి.